ఎర్రచందనం, కానుగ నారుకు యూరియా వేయాలా వద్దా? వేస్తే ఎంత?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. చంద్రగిరి వైపు చిన్న నర్సరీ పెట్టారు. ఎర్రచందనం నాలుగు వేల కవర్లు, కానుగ వెయ్యి, సుబాబుల్, చింత కొద్దిగా ఉన్నాయి. మొలిచి నలభై రోజులైంది, కింది ఆకులు పాలిపోతున్నాయి. ఒకరేమో "ఇవి గాల్లోని నత్రజని తీసుకునే చెట్లు, యూరియా అక్కర్లేదు" అన్నారు. ఇంకొకరు "వారానికోసారి లీటరుకు ఐదు గ్రాముల యూరియా పోయండి, దున్నపోతుల్లా లేస్తాయి" అన్నారు. ఒక మొక్క పీకి చూస్తే వేళ్ళకు బుడిపెలు (గాల్లోని నత్రజనిని మొక్కకు పట్టి ఇచ్చే బాక్టీరియా ఉండే చిన్న ఉబ్బులు) లేవు. ఏం చేయాలని అడిగారు.

ఇద్దరి మాటలోనూ సగమే నిజం ఉంది. మొదట్లో కాస్త నత్రజని అవసరమే. కానీ అది చాలా తక్కువ: 6×9 అంగుళాల కవరుకు మొత్తం మీద 25 మిల్లీగ్రాముల నత్రజని, అదీ రెండు విడతల్లో. వెయ్యి కవర్లకు లెక్క వేస్తే విడతకు 25 గ్రాముల యూరియా, రెండు విడతలకు కలిపి 50 గ్రాములు. గుప్పెడు కూడా కాదు. మట్టిలో బాగా మాగిన దిబ్బ ఎరువు నాలుగో వంతు కలిపి ఉంటే ఆ 50 గ్రాములు కూడా చాలాసార్లు అక్కర్లేదు. వారానికోసారి ఐదు గ్రాముల ద్రావణం పోస్తే ఆకులు పచ్చబడతాయి, మొక్క ఎత్తు పెరుగుతుంది, బుడిపెలు మాత్రం రావు. వేరు చిన్నదైపోతుంది. ఆ నష్టం నర్సరీలో కనబడదు, నాటిన తర్వాత వచ్చే మొదటి వేసవిలో కనబడుతుంది.

ఇక మీ చింత మొక్కలకు ఈ లెక్క వర్తించదు. దాని సంగతి కింద చెబుతాను.

ముందు ఆ పాలిపోవడం ఎందుకో చూద్దాం. గింజలో దాచి ఉన్న నత్రజని అయిపోయాక, బుడిపెలు పని మొదలుపెట్టేలోపు మధ్యలో ఒక ఖాళీ ఉంటుంది. ఆ రెండు మూడు వారాలు మొక్క ఆకలితో ఉంటుంది. 1886లో జర్మనీలో హెల్రీగెల్, విల్‌ఫార్త్ అనే శాస్త్రవేత్తలు బఠాణీని ఇసుకలో పెంచిన ప్రయోగాలు వెల్లడించినప్పుడు ఈ దశనే గమనించారు. మొక్కలు మొదట పాలిపోయాయి, కొన్నాళ్ళకు తమంతట తామే తేరుకుని పచ్చబడ్డాయి. ఇసుకను వేడిచేసి సూక్ష్మజీవుల్ని చంపేస్తే మాత్రం తేరుకోలేదు. కాబట్టి నలభై రోజుల ఎర్రచందనం కాస్త పాలిపోయి కనిపిస్తే అదే పెద్ద జబ్బు అనుకుని కంగారు పడకండి. అది తేరుకునే దారిలో ఉందా లేదా అన్నదే చూడాలి.

ఆ ఖాళీ ఎంత పెద్దదన్నది గింజను బట్టి ఉంటుంది. కానుగ గింజ ఒక్కోటి దాదాపు గ్రాము తూగుతుంది, మాంసకృత్తులు ఎక్కువ, అందులోనే ముప్పై మిల్లీగ్రాముల దాకా నత్రజని ఉంటుంది. అంటే నేను పైన చెప్పిన మోతాదు మొత్తం దాని గింజలోనే దాచి పెట్టుకుని పుడుతుంది. అందుకే కానుగకు మొదట్లో యూరియా ఇవ్వాల్సిన పనే లేదు. సుబాబుల్ గింజ యాభై మిల్లీగ్రాముల బరువు ఉంటుంది, అందులో నత్రజని రెండు మూడు మిల్లీగ్రాములకు మించదు. దానికి ఆకలి త్వరగా మొదలవుతుంది, అయితే బుడిపెలు కూడా మూడు నాలుగు వారాలకే వస్తాయి. ఎర్రచందనం కష్టం వేరు. కాయ రూపాయి బిళ్ళ కంటే పెద్దదిగా కనిపించినా రెక్క, పెంకు తీసేస్తే లోపలి గింజ చిన్నది. బుడిపెలు రావడానికేమో ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చిన్న మూట, దూరపు ప్రయాణం. బుడిపెలు వచ్చే మీ మూడు రకాల్లో మొదటి నత్రజని నిజంగా ఉపయోగపడేది ఎర్రచందనానికే.

ఇప్పుడు ఎక్కువ ఇస్తే బుడిపెలు ఎందుకు రావన్నది. బుడిపెలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చాలంటే మొక్క చక్కెర ఖర్చు పెట్టాలి. ఒక్క నత్రజని అణువు విరగ్గొట్టడానికి పదహారు ఏటీపీలు (కణం శక్తి కోసం ఖర్చు పెట్టే అణువులు) కావాలి, పైగా బుడిపె కట్టడానికి, దాన్ని పోషించడానికి వేరే ఖర్చు. మట్టిలో నైట్రేట్ (యూరియా మట్టిలో చివరికి మారే రూపం) సిద్ధంగా దొరుకుతుంటే మొక్క ఆ ఖర్చు పెట్టదు. ఇంట్లో అన్నం ఉండగా పొయ్యి ఎవరు వెలిగిస్తారు? నైట్రేట్ ఎక్కువైనప్పుడు మూడు జరుగుతాయి. వేరు మీది నూగు బాక్టీరియాను లోపలికి రానివ్వడం తగ్గుతుంది, వచ్చిన చోట బుడిపె చిన్నదిగా ఆగిపోతుంది, అప్పటికే ఉన్న బుడిపెలు పని మానేసి త్వరగా ముదిరిపోతాయి. ఇసుకలో పెంచి పోషక ద్రావణం పోసే ప్రయోగాల్లో చాలా పప్పుజాతి మొక్కలకు లీటరుకు 140 మిల్లీగ్రాముల నైట్రేట్ నత్రజని నిలకడగా అందితే బుడిపెలు బాగా దెబ్బతింటాయి. దానిలో పదో వంతు మాత్రం చాలా మొక్కలకు మేలే చేస్తుంది, ఆకు పెరిగి చక్కెర ఎక్కువ తయారై, ఆ చక్కెరతో బుడిపెలు ఇంకా ఎక్కువ వస్తాయి. విషం, మందు రెండూ ఒకటే, కొలతే తేడా.

నేను చెప్పిన 25 మిల్లీగ్రాములు గాలిలోంచి తీసిన అంకె కాదు. మన వైపు వర్షాధార చెనక్కాయకు విత్తేటప్పుడు ఎకరాకు ఎనిమిది కిలోల చుట్టూ నత్రజని వేస్తాం. ఎకరా పైమట్టి, అరడుగు లోతుకు, సుమారు 900 టన్నులు. కిలో మట్టికి తొమ్మిది మిల్లీగ్రాములన్న మాట. 6×9 కవరులో కిలోన్నర మట్టి పడుతుంది కాబట్టి 13 మిల్లీగ్రాములు. కవరులో రోజూ నీళ్ళు పోస్తాం, కొంత అడుగు నుంచి కారిపోతుంది, అందుకే దాదాపు రెట్టింపు చేసి రెండు విడతలుగా ఇస్తాం. ఇదే లెక్కలో మీకు చెప్పిన రెండో సలహా చూడండి: లీటరుకు ఐదు గ్రాములు, కవరుకు 50 మిల్లీలీటర్లు అంటే వారానికి 115 మిల్లీగ్రాములు. పది వారాలకు 1,150. చెనక్కాయ పొలానికి ఎకరాకు ముప్పైకి పైగా బస్తాల యూరియా చల్లినట్టు లెక్క.

కవరులో చిటికెడు యూరియా వేసే అలవాటు కూడా చాలా చోట్ల ఉంది. మూడు వేళ్ళతో తీస్తే అది గ్రాము దాకా వస్తుంది, 460 మిల్లీగ్రాముల నత్రజని. పైగా గుళిక పడిన చోట వేరు మాడుతుంది. కవర్లలో గుళికలు వేయకండి, ఎప్పుడూ నీళ్ళలో కరిగించి, తూకం వేసే ఇవ్వండి. బంగారం కొట్లో తూచే లాంటి చిన్న త్రాసు మూడు నాలుగు వందలకు దొరుకుతుంది, నర్సరీకి అది చాలా ముఖ్యమైన పనిముట్టు.

ఇచ్చే పద్ధతి ఇలా. లీటరు నీటికి ఒక గ్రాము యూరియా. ఎర్రచందనానికి నిజమైన ఆకులు నాలుగు వచ్చాక, అంటే మొలిచిన మూడు నాలుగు వారాలకు, కవరుకు 25 మిల్లీలీటర్లు. ముందురోజు సాయంత్రం నీళ్ళు పోసి మట్టి తడిగా ఉంచండి, ద్రావణం తెల్లవారుజామున లేదా ఎండ దిగాక పోయండి, వెంటనే ఆకుల మీద మంచినీళ్ళు చిలకరించండి. పదిహేను రోజులకు రెండో విడత అంతే. తర్వాత ఆపేయండి. మీవి నలభై రోజుల మొక్కలు కాబట్టి మొదటి విడత ఇప్పుడు ఇవ్వవచ్చు. అయితే దానికి ముందు కింద చెప్పిన పరీక్ష చేయండి, లేకపోతే వేరే జబ్బుకు యూరియా పోసినట్టవుతుంది.

మన వైపు బోరు నీళ్ళు చాలా చోట్ల గట్టివి, సున్నం ఎక్కువ. అలాంటి నీళ్ళకు యూరియా కంటే అమ్మోనియం సల్ఫేట్ మేలు, లీటరుకు 2.2 గ్రాములు వేస్తే ఒక గ్రాము యూరియాతో సమానం. మట్టి పుల్లదనం వైపు కాస్త జరుగుతుంది, గంధకం కూడా అందుతుంది. డ్రిప్పు రైతులు వాడే 13-0-45 (పొటాషియం నైట్రేట్), కాల్షియం నైట్రేట్ మాత్రం ఈ మొక్కలకు వద్దు. వాటిలోని నత్రజని నేరుగా నైట్రేట్ రూపంలోనే ఉంటుంది, బుడిపెల్ని ఆపడంలో దానిదే మొదటి స్థానం.

పాలిపోవడం నత్రజని ఆకలి వల్లేనా అని తేల్చుకోవడానికి ఆకు చూడండి. నత్రజని తక్కువైతే కింది ముదురు ఆకులు ముందు పాలిపోతాయి, ఆకంతా ఒకే రంగులో, ఈనెలతో సహా. చివరి లేత ఆకులు పసుపు పచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వల వేసినట్టు కనిపిస్తే అది ఇనుము లోపం. సున్నపు నీళ్ళతో వచ్చేది ఇదే, యూరియా పోస్తే ఇంకా పెరుగుతుంది. లీటరుకు ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే వారంలో తేడా తెలుస్తుంది. లేత మొక్కలకు ముందు పది మొక్కల మీద చేసి చూసి, మాడకపోతేనే మిగతావాటికి చేయండి. పైన కింద తేడా లేకుండా మొక్కంతా డీలాగా, పాలిపోయి, కవరు ఎత్తి చూస్తే బరువుగా, అడుగున నాచువాసనగా ఉంటే నీళ్ళు ఎక్కువైనట్టు. బుడిపెకు గాలి కావాలి, నీట మునిగిన వేరుకు అది అందదు. మన నర్సరీల్లో నత్రజని లోపం అనుకునేదాంట్లో గణనీయమైన భాగం ఈ నీళ్ళ తప్పే. కవరుకు అడుగున, పక్కల కలిపి కనీసం ఎనిమిది రంధ్రాలు ఉన్నాయా చూసుకోండి.

మీరు మొక్కను పీకి చూశానన్నారు. పీకితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. కవరును నిలువుగా బ్లేడుతో కోసి, మట్టి ముద్దతో సహా బకెట్ నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టండి. మట్టి తనంతట తానే జారిపోతుంది. వేరును తెల్లటి పళ్ళెంలో నీళ్ళు పోసి పరచండి. ఎర్రచందనం బుడిపెలు సన్నవి, గుండ్రనివి, ఆవగింజ అంత మొదలై ఇంకాస్త పెద్దవవుతాయి. పక్కవేరు పుట్టే చోట, ఆ సందులో ఉంటాయి, చెనక్కాయకు వచ్చినట్టే. రెండూ ఒకే తెగ అవడం వల్ల ఆ పోలిక. ఒక బుడిపెను గోటితో రెండుగా చీల్చండి. లోపల లేత ఎరుపు, గులాబీ రంగు ఉంటే పని చేస్తోంది, గోటి మీద ఆ ఎరుపు మరక పడుతుంది. అది లెగ్‌హీమోగ్లోబిన్, మన నెత్తుటి రంగుకు దగ్గర బంధువు. కాసేపు గాలి తగిలితే గోధుమ రంగుకు తిరుగుతుంది కాబట్టి కోసిన వెంటనే చూడాలి. లోపల తెల్లగా ఉంటే బాక్టీరియా చేరింది గానీ పని మొదలుపెట్టలేదు, లేదా ఆ చెట్టుకు సరిపడని రకం. ఆకుపచ్చ, గోధుమ రంగుంటే ముదిరి పని మానేసింది.

వేరు మీద ఉబ్బు కనిపించగానే బుడిపె అనుకోవద్దు. బొటనవేలితో రుద్దితే ఊడి వచ్చేది బుడిపె. వేరే ఉబ్బి, రుద్దినా రాకుండా వేరుతో కలిసిపోయి ఉంటే అది నులిపురుగు కాయ. టమాటా పండించిన మట్టి తెచ్చి కవర్లు నింపిన చోట ఇది బాగా వస్తుంది. అలాంటి మట్టి ఈ నర్సరీకి పనికిరాదు.

బుడిపెలు లేకపోతే తప్పు నత్రజనిది ఒక్కటే కాదు. బాక్టీరియా ఆ మట్టిలో లేకపోవచ్చు. బావి తవ్విన మట్టి, గుట్ట కింద తవ్విన గ్రావెల్, లోతు మట్టి తెచ్చి కవర్లు నింపితే అందులో బ్రాడీరైజోబియం అనే ఈ బుడిపె బాక్టీరియా దాదాపు ఉండదు. మన జిల్లాలకు ఉన్న అదృష్టం ఏమిటంటే చెనక్కాయ. దాని బుడిపెల్లో ఉండే బ్రాడీరైజోబియం, అలసంద, పెసర, కంది వేళ్ళలో ఉండేది ఒకే గుంపుకు చెందినవి, ఎర్రచందనం, కానుగ కూడా ఆ గుంపుతో జత కడతాయి. అందుకే చెనక్కాయ కోసం ప్యాకెట్లలో అమ్మే రైజోబియం (బుడిపె బాక్టీరియా) వీటికి పనికొస్తుంది. సుబాబుల్‌కు మాత్రం పనిచేయదు, దానికి వేరే రకం కావాలి. పాత సుబాబుల్ చెట్ల కింద మట్టే దానికి సులువైన దారి.

గింజకు పట్టించడం తెలిసిందే: 100 గ్రాముల బెల్లం లీటరు నీళ్ళలో మరగబెట్టి పూర్తిగా చల్లార్చి, 200 గ్రాముల ప్యాకెట్ కలిపి, పది కిలోల గింజకు పట్టించి నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తడం. మీవి మొలిచిపోయాయి కాబట్టి ఇప్పుడు నీళ్ళతో ఇవ్వాలి. 200 గ్రాముల ప్యాకెట్ పది లీటర్ల నీళ్ళలో కలిపి, పల్చటి గుడ్డతో వడపోసి, కవరుకు పది మిల్లీలీటర్లు మొక్క మొదలు దగ్గర పోయండి. ప్యాకెట్ ఒకటికి వెయ్యి కవర్లు. నాలుగు వేల ఎర్రచందనానికి నాలుగు ప్యాకెట్లు చాలు. సాయంత్రం ఇవ్వండి, తర్వాత రెండు రోజులు మట్టి ఆరనివ్వకండి. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడటం ఒక్కటే సరిపోదు. అది ఏప్రిల్, మే ఎండల్లో రేకుల షెడ్డులో పడి ఉంటే తేదీ బాగున్నా లోపలి జీవం పోయి ఉంటుంది. వ్యవసాయ పరిశోధనా స్థానంలో గానీ, చల్లగా నిల్వ ఉంచే చోట గానీ కొనండి.

ఇంకో దారి, పాత కానుగ చెట్టు కింద చెత్త తొలగించి జానెడు లోతులో సన్నవేళ్ళతో ఉన్న మట్టి తెచ్చి ప్రతి కవరుకు ఒక చెంచా వేయడం. చెనక్కాయ పొలం మట్టి కూడా పనిచేస్తుంది గానీ దానితో మొదలుకుళ్ళు వచ్చే ప్రమాదం ఉంది, కుళ్ళు కనిపించిన పొలం మట్టి ముట్టుకోవద్దు.

నారుకుళ్ళు కోసం కార్బెండజిమ్, కాపర్ ఆక్సీక్లోరైడ్ మట్టిలో పోసే అలవాటు ఉంటే రైజోబియానికి, దానికి మధ్య కనీసం పదిహేను రోజుల ఎడం ఉంచండి. రాగి మందు బాక్టీరియాను కూడా చంపుతుంది. ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం అయితే రైజోబియంతో కలిసి ఉంటుంది.

నత్రజని కంటే ముందు అడగాల్సిన ప్రశ్న భాస్వరం గురించి. బుడిపె పనంతా ఏటీపీ మీద నడుస్తుందని చెప్పాను కదా, ఆ ఏటీపీలో ఉన్నది భాస్వరమే. మన ఎర్రమట్టిలో అది తక్కువ, ఉన్నదాన్ని కూడా మట్టిలోని ఇనుము పట్టి ఉంచుతుంది. భాస్వరం లేని కవరులో రైజోబియం పోసినా బుడిపెలు నాలుగు వచ్చి ఆగిపోతాయి. కవర్లు నింపేటప్పుడే వెయ్యి కవర్ల మట్టికి రెండు కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, అంటే కవరుకు రెండు గ్రాములు, దిబ్బ ఎరువుతో కలిపి వారం ఉంచి నింపాలి. మీరు వేయలేదనుకుంటాను. ఇప్పుడు చేయగలిగింది, కిలో సూపర్ పది లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పైన తేరిన నీటిని నలభై లీటర్లకు పెంచి, కవరుకు 40 మిల్లీలీటర్లు పోయడం. డీఏపీ వాడేవాళ్ళు దానిలో 18 శాతం నత్రజని కూడా ఉందని గుర్తుంచుకోవాలి. డీఏపీ నీళ్ళు పోసి, యూరియా నీళ్ళు కూడా పోస్తే లెక్క రెట్టింపవుతుంది.

ఇప్పుడు లెక్కలోకి రాని నత్రజని గురించి. చాలామంది ఇక్కడే పొరబడతారు, బుడిపెలు రాకపోవడానికి అసలు కారణం తెలియక తికమకపడతారు.

మొదటిది కోళ్ళ ఎరువు. చిత్తూరు, పలమనేరు వైపు ఫారాల నుంచి చవగ్గా వస్తుంది. దిబ్బ ఎరువులో నత్రజని అర శాతం, అది నెమ్మదిగా విడుదలవుతుంది. కవరులో 200 గ్రాములు వేసినా మూడు నెలల్లో మొక్కకు చేరేది వంద మిల్లీగ్రాముల దరిదాపుల్లో, రోజుకు ఒకటి చొప్పున, బుడిపెలకు ఇబ్బంది లేని వేగంతో. కోళ్ళ ఎరువులో మూడు శాతం దాకా ఉంటుంది, అందులో పెద్ద భాగం కొద్ది వారాల్లోనే అమ్మోనియా అయిపోతుంది. వంద గ్రాములు వేస్తే మూడు వేల మిల్లీగ్రాములు. ఆకులు నల్లటి పచ్చగా, మొక్క పీచుపీచుగా ఎత్తుకు లేస్తుంది, వేరు తెల్లగా నున్నగా ఒక్క బుడిపె లేకుండా ఉంటుంది. తప్పనిసరైతే మూడు నెలలు మాగబెట్టి, మట్టిలో ఇరవయ్యో వంతుకు మించకుండా వాడండి.

రెండోది బోరు నీళ్ళలోని నైట్రేట్. ఊరి మధ్య, పశువుల కొట్టాల దగ్గర, ఏళ్ళ తరబడి కూరగాయలు పండించిన తోటల్లో ఉన్న బోర్లలో ఇది ఎక్కువగా ఉంటుంది. తాగునీటికి లీటరుకు 45 మిల్లీగ్రాములు మన దేశపు పరిమితి. మీ నీళ్ళలో వంద ఉందనుకోండి. అందులో నత్రజని దాదాపు 22 మిల్లీగ్రాములు. కవరుకు రోజుకు 50 మిల్లీలీటర్లు పోస్తే రోజుకు ఒక మిల్లీగ్రాము పైనే, వంద రోజులకు 110. యూరియా ముట్టకపోయినా నేను చెప్పిన మోతాదుకు నాలుగు రెట్లు నీళ్ళతోనే వెళ్ళిపోయింది, అదీ నేరుగా నైట్రేట్ రూపంలో. నీటి నమూనా పరీక్షకు ఇచ్చేటప్పుడు ఉప్పు, పీహెచ్‌తో పాటు నైట్రేట్ కూడా రాయించండి.

మూడోది దీనికి తిరగబడ్డది. పచ్చి చెనక్కాయ పొట్టు, రంపపు పొట్టు, కడగని కొబ్బరి పీచు పొడి మట్టిలో కలిపితే వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనినంతా లాక్కుంటాయి. మొక్క నిజంగానే ఆకలితో చిక్కిపోతుంది. అప్పుడు మాత్రం విడతలు రెండు కాక నాలుగు ఇవ్వాల్సి వస్తుంది, పదిరోజులకొకటి చొప్పున. మీ మట్టి మిశ్రమంలో ఇలాంటిది ఏదీ లేదని రాశారు కాబట్టి మీకు అవసరం లేదు.

వేరు గురించి ఇంత పట్టు ఎందుకంటే, ఎర్రచందనం పుట్టిల్లు శేషాచలం రాళ్ళ వాలు. క్వార్ట్‌జైట్ బండల మధ్య, పిడికెడు మట్టిలో బతికే చెట్టు. మొక్కగా ఉన్నప్పుడే తల్లివేరును ముల్లంగిలా ఊరబెట్టి అందులో తిండి దాచుకుంటుంది. ఎండాకాలం ఆకు రాల్చేసి, పైకొమ్మ ఎండినా, తొలకరికి ఆ వేరులోంచి మళ్ళీ చిగురిస్తుంది. నత్రజని ఎక్కువిస్తే మొక్క సంపాదించినదంతా ఆకుకు, కొమ్మకు పెడుతుంది. వేరులో దాచుకోదు. రెండు మొక్కలు పక్కపక్కన పెడితే కొనేవాళ్ళు ఎత్తుగా నల్లగా ఉన్నదాన్నే తీసుకుంటారు, అది నిజం. కానీ డ్రిప్పు లేని మెట్టలో నాటితే నిలబడేది పొట్టిగా లావుగా ఉన్నదే. ఒక కొలత చెబుతాను: ఎత్తును సెంటీమీటర్లలో, మొదలు మందాన్ని మిల్లీమీటర్లలో కొలిచి భాగించండి. ఆరు లోపు వస్తే గట్టి మొక్క. 30 సెంటీమీటర్ల మొక్కకు మొదలు ఐదు మిల్లీమీటర్లు ఉండాలన్న మాట. యూరియా మొక్కలు తొమ్మిది, పది చూపిస్తాయి, గాలికి వాలిపోతాయి, కర్ర కట్టాలి.

అలాగని మొత్తం సున్నా చేయడం కూడా తప్పే. నత్రజని ఏమీ లేని, ఎరువు లేని ఇసుక మట్టిలో ఎర్రచందనం నెలల తరబడి రెండు మూడు ఆకుల దగ్గరే ఆగిపోతుంది. ఆకు లేనప్పుడు చక్కెర లేదు, చక్కెర లేనప్పుడు బుడిపెకు తిండి లేదు. బాక్టీరియా పక్కనే ఉన్నా పని జరగదు. అదే కారణంతో నీడ వల మరీ దట్టంగా కట్టినా బుడిపెలు తగ్గుతాయి. 50 శాతం వల మొలక దశలో, వేసవి మధ్యాహ్నాలకు మంచిది, నల్ల కవర్లలో మట్టి కాలిపోకుండా కాపాడుతుంది. రెండు నెలలు దాటాక ఉదయపు ఎండ నేరుగా తగలనివ్వండి.

మీ నర్సరీలోనే తేల్చుకోవాలంటే ఒకే రోజు మొలిచిన ఎర్రచందనం అరవై కవర్లు మూడు వరుసలుగా పెట్టండి. మొదటి వరుసకు నత్రజని లేదు, రెండో వరుసకు 25 మిల్లీలీటర్ల చొప్పున రెండు విడతలు, మూడో వరుసకు మీకు చెప్పిన వారానికి ఐదు గ్రాముల ద్రావణం. మిగతావన్నీ సమానం. 90 రోజులకు వరుసకు ఐదు మొక్కలు కోసి, వేరు కడిగి, ఎత్తు, మొదలు మందం, గులాబీ బుడిపెల సంఖ్య రాసుకోండి. వేరును, పైభాగాన్ని వేరుగా ఎండబెట్టి తూచండి. మూడో వరుసలో పైభాగం బరువు ఎక్కువ, వేరు వాటా తక్కువ కనిపిస్తుంది. మొదటి, రెండో వరుసల మధ్య తేడా లేకపోతే మీ దిబ్బ ఎరువే చాలినంత ఇస్తోందని అర్థం, వచ్చే ఏడు యూరియా సంచి కొనకండి.

ఇప్పటికే యూరియా ఎక్కువ పోసినవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, మొక్క పాడైనట్టు కాదు. ఆపేసి, రెండుసార్లు కవరు అడుగు నుంచి కారేలా మంచినీళ్ళు పోసి, రైజోబియం నీళ్ళు ఇస్తే లేత వేళ్ళ మీద నాలుగైదు వారాల్లో బుడిపెలు మళ్ళీ మొదలవుతాయి. ఆ మధ్యలో ఆకు కాస్త పాలిపోతుంది, దానికి భయపడి మళ్ళీ యూరియా పోయకూడదు.

ఇక చింత. కాయ చూస్తే పప్పుజాతే, కానీ దానికి బుడిపెలు రావు. రేల, తంగేడు, గుల్‌మొహర్ కూడా అంతే. వీటికి నత్రజని మనమే ఇవ్వాలి: లీటరుకు రెండు గ్రాముల యూరియా, కవరుకు 50 మిల్లీలీటర్లు, పదిహేను రోజులకోసారి, నాటడానికి నెల ముందు దాకా. చింత కవర్లను, ఎర్రచందనం కవర్లను వేర్వేరు మడుల్లో పెట్టండి, ఒకే గొట్టంతో అన్నిటికీ ఒకే ద్రావణం పోసే చోట ఏదో ఒకటి నష్టపోతుంది. సరుగుడు పప్పుజాతి కాదు, అయినా బుడిపెలు వస్తాయి. దానిలో ఉండేది రైజోబియం కాదు, ఫ్రాంకియా అనే వేరే బాక్టీరియా. పెద్ద సరుగుడు చెట్ల వేళ్ళ దగ్గర పగడాల గుత్తిలా ఉండే బుడిపెలు తెచ్చి నూరి నీళ్ళలో కలిపి పోయాలి. నత్రజని మోతాదు విషయంలో ఎర్రచందనం లెక్కే దానికీ వర్తిస్తుంది.

నాటే సమయానికి వస్తే, మనకు నైరుతి, ఈశాన్యం రెండూ కురుస్తాయి. జూలైలో గానీ, అక్టోబరులో గానీ నాటేటట్టయితే అంతకు ఆరు వారాల ముందు నుంచి నత్రజని పూర్తిగా ఆపండి, నీళ్ళు రోజు విడిచి రోజు చేయండి, నీడ తీసేయండి. గుంతలో రెండు తట్టల దిబ్బ ఎరువు, వంద గ్రాముల సూపర్, పాత కవరు మట్టి చెదరకుండా మొక్క. బుడిపెలు, వాటి చుట్టూ ఉన్న బాక్టీరియా ఆ ముద్దలోనే గుంతలోకి వెళతాయి. గుంతలో యూరియా వేయకండి.